చిన్న కారులో పెద్ద ఇంజిన్: ట్యాంక్ నుంచి ఇంజెక్టర్ దాకా పెట్రోల్ లైన్ ఎలా కట్టాలి

ఇంజిన్ మౌంట్లు, గేర్‌బాక్స్, యాక్సిల్ గురించి నెలల తరబడి ఆరా తీసి, అన్నీ బిగించేశాక చివర్లో చాలామంది ఒకటే అడుగుతున్నారు: "పెట్రోల్ పైపు కలిపేస్తే అయిపోయినట్టే కదా అన్నా?" అయిపోదు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఐడిల్ కూడా బాగానే ఉంటుంది. నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

బెంగళూరులో ఎక్కువగా కనిపించే మార్పు మారుతి జెన్‌లో ఎస్టీమ్ ఇంజిన్. రెండూ సుజుకి జీ సిరీస్ కుటుంబానివే కాబట్టి అమరిక సులువు. 993 సీసీ పోయి 1298 సీసీ వస్తుంది. కార్బొరేటర్ (కార్బ్) జెన్ శక్తి సుమారు 50 బీహెచ్‌పీ, ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం) 85 బీహెచ్‌పీ. ఇక్కడి లెక్కలన్నీ ఈ జోడీ మీదే చేశాను. మీ ఇంజిన్ వేరే అయితే అంకెలు మార్చుకోండి, వరుస మాత్రం ఇదే.

1. ముందు కాగితాలు

ఆర్సీలో కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇంజిన్ కొనకముందే ఆర్టీవోలో రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. అనుమతి రాకపోతే అది ట్రాక్ బండి. ట్రక్కు మీద ఎక్కించే తీసుకెళ్లాలి. నాది అలాంటిదే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లే రోజు తప్ప షెడ్డు దాటదు.

2. మీ దగ్గరున్నది ఏమిటో గుర్తుపట్టండి

బండి కింద దూరి ట్యాంక్ నుంచి ముందుకు వచ్చే పైపులు లెక్కపెట్టండి. మూడు ఉంటే సాధారణంగా ఒకటి సప్లై (ఇంజిన్‌కు పోయేది), ఒకటి రిటర్న్ (మిగిలింది ట్యాంక్‌కు తెచ్చేది), ఒకటి ఆవిరి పైపు. రెండే ఉంటే రిటర్న్ లేకపోవచ్చు. ఒక్కోటీ ఎక్కడికి పోతుందో చేత్తో తడుముకుంటూ చివరిదాకా చూడండి, ఊహించొద్దు.

తర్వాత తేల్చుకోవాల్సింది ప్రెషర్. కార్బొరేటర్‌కు 0.2 నుంచి 0.3 బార్ చాలు. ఇంజిన్ పక్కనుండే చిన్న మెకానికల్ పంపు అంతే ఇస్తుంది. ఎంపీఎఫ్ఐకి సుమారు 2.5 నుంచి 3 బార్ కావాలి, అంటే పదింతలు. ఈ తేడా వల్ల నాలుగు దారులు ఏర్పడతాయి:

- కార్బ్ బండి, కార్బ్ ఇంజిన్: పాత లైన్ ఉంచుకోవచ్చు. హోస్‌లు, ఫిల్టర్ కొత్తవి వేయండి.
- కార్బ్ బండి, ఎంపీఎఫ్ఐ ఇంజిన్: ట్యాంక్ లోపలి నుంచి అన్నీ మారాలి. పని ఎక్కువ ఇందులోనే.
- ఎంపీఎఫ్ఐ బండి, ఎంపీఎఫ్ఐ ఇంజిన్: పంపు సామర్థ్యం, రెగ్యులేటర్ (ప్రెషర్‌ను అదుపులో ఉంచేది) చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.
- ఎంపీఎఫ్ఐ బండి, కార్బ్ ఇంజిన్: 3 బార్ పంపును కార్బ్‌కు నేరుగా కలిపితే నీడిల్ వాల్వ్ (కార్బ్‌లోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే సూది) నిలవదు, పెట్రోల్ పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది. తక్కువ ప్రెషర్ పంపు వేయాల్సిందే.

రెండో దారి పట్టేవాళ్లు వీలైతే అదే కారు ఎంపీఎఫ్ఐ మోడల్ ట్యాంక్ వెతుక్కోండి. పంపు కూర్చునే చోటు, లోపలి అడ్డగోడలు కంపెనీ చేసినవే దొరుకుతాయి. శివాజీనగర్ గుజిరీలో (పాత సామాన్ల బజారులో) ట్యాంక్ కొంటే తప్పులేదు. పంపు మాత్రం అక్కడ కొనొద్దు. అది ఎన్నేళ్లు ఎండిపోయి పడుందో అమ్మేవాడికీ తెలియదు.

3. ఎంత పెట్రోల్ కావాలో లెక్క కట్టండి

పూర్తి తొక్కుడులో ఒక బీహెచ్‌పీకి గంటకు దాదాపు 230 గ్రాముల పెట్రోల్ ఖర్చవుతుంది. టర్బో లేని ఇంజిన్లకు ఈ అంకె సరిపోతుంది.

- 85 బీహెచ్‌పీ × 230 గ్రాములు = గంటకు సుమారు 19.5 కిలోలు
- లీటరు 0.74 కిలో చొప్పున = సుమారు 26.4 లీటర్లు
- ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కు మరో 8 శాతం = 28.5 లీటర్లు
- పాతబడే పంపు, మురికిపట్టే ఫిల్టర్ కోసం 30 శాతం అదనం = గంటకు 37 లీటర్లు

అంటే 3 బార్ ప్రెషర్ దగ్గర గంటకు 37 లీటర్లు ఇచ్చే పంపు చాలు. "3 బార్ దగ్గర" అన్న మాట వదలకండి. ఎదురు ప్రెషర్ లేకుండా పంపు ఎంత పోస్తుందో డబ్బా మీద రాసుంటే, ఆ అంకెతో మనకు పనిలేదు.

ఇంజెక్టర్లకూ ఇదే లెక్క. 28.5 లీటర్లను నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి నిమిషానికి 119 సీసీ. ఇంజెక్టర్‌ను 80 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి 148 సీసీ కావాలి. ఇంజిన్‌తో వచ్చిన సొంత ఇంజెక్టర్లు, సొంత ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) వాడితే ఈ గొడవ లేదు. వేరే ఇంజెక్టర్లు పెట్టేవాళ్లే ఆలోచించాలి.

ఈ20 గురించి రెండు ముక్కలు. మామూలు పెట్రోల్ ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు. అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పోయాలన్నమాట. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ సర్దుకుంటుంది. పూర్తిగా తొక్కినప్పుడు పాత ఈసీయూలు సెన్సర్ మాట వినవు, లోపల రాసిపెట్టుకున్న పట్టిక ప్రకారం పోస్తాయి. ఆ పట్టిక ఈ20 రాకముందు రాసింది. ఇంజిన్ లీన్ అయ్యేది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందనిది, అక్కడే.

మన ఊరివాళ్లు మరిచిపోయేది ఇంకోటి ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడి గాలి చెన్నై గాలికంటే 8, 9 శాతం పల్చన. ఇక్కడ సరిగ్గా సరిపోయిన పంపుకు అక్కడ అంత మేర పని పెరుగుతుంది. కార్బ్ ఇంజిన్‌ను ఇక్కడ జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలు) సరిచేసి చెన్నై తీసుకెళ్తే మిశ్రమం నాలుగైదు శాతం లీన్ అవుతుంది. కాబట్టి లెక్క ఎప్పుడూ సముద్రమట్టానికే కట్టండి.

4. లైన్ విప్పే ముందు

పంపు ఫ్యూజ్ పీకి ఇంజిన్ నడవనివ్వండి. అదే ఆగిపోతుంది. రెండుసార్లు సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. అప్పటికీ మొదటి హోస్ లాగేటప్పుడు కొంచెం చిమ్ముతుంది. గుడ్డ చుట్టి లాగండి.

పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. అందుకే గుంటలో నిలబడి ట్యాంక్ విప్పొద్దు. ఆవిరి గుంట అడుగున చేరి అక్కడే ఉంటుంది. వేలాడదీసే బల్బు వాడొద్దు, ఎల్ఈడీ టార్చ్ వాడండి. ఇన్వర్టర్, పక్క షెడ్డు వెల్డింగ్, పూజ దీపం, ముగ్గురూ శత్రువులే.

- ఏబీసీ పౌడర్ మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో
- పెట్రోల్ పట్టడానికి మూత ఉన్న లోహపు డబ్బా
- కళ్లద్దాలు, పెట్రోల్‌కు కరగని గ్లౌజులు
- పక్కన ఇంకో మనిషి

ఖాళీ ట్యాంక్‌కు వెల్డింగ్ పెట్టించొద్దు. ట్యాంక్ ఖాళీ అయినా లోపల ఆవిరి ఉంటుంది, నిండు ట్యాంక్‌కంటే అదే ప్రమాదం. అతుకు తప్పదంటే ట్యాంకులు మాత్రమే చేసే పనివాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి.

5. ట్యాంక్ లోపల

ట్యాంక్ దించి టార్చ్ వేసి చూడండి. కార్బ్ బండి ఏళ్లతరబడి ఆగిపోయి ఉంటే అడుగున టీపొడిలాంటి తుప్పు కనిపిస్తుంది. కార్బ్ దాన్ని ఎలాగో భరించింది. ఇంజెక్టర్ భరించదు. పైగా ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది, పాత ట్యాంక్ గోడలకు అంటుకున్న మడ్డిని కూడా కదిలిస్తుంది. కొత్త ఇంజిన్ పెట్టిన నెలలోనే రెండు ఫిల్టర్లు మూసుకుపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

తుప్పు పైపైనే ఉంటే కడిగించి ఆరబెట్టండి. గోకితే పెచ్చులు ఊడుతుంటే ట్యాంక్ మార్చేయండి. లోపల పూసే కోటింగ్‌ల మీద నాకు నమ్మకం లేదు. కొన్నేళ్లకు అదే పొరలు పొరలుగా ఊడి పంపు జల్లెడకు అడ్డం పడటం చూశాను.

ట్యాంక్ లోపల పంపుకు వేసే చిన్న హోస్ ముక్క మామూలుది కాకూడదు. పెట్రోల్‌లో బయటా లోపలా మునిగి ఉండే హోస్‌కు ఎస్ఏఈ జే30 ఆర్10 అని వేరే రకం ఉంది. మామూలు హోస్ అక్కడ ఉబ్బి మెత్తబడుతుంది, ఆరు నెలలకు చీలుతుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది, ప్రెషర్ మాత్రం రాదు. పంపు పోయిందనుకుని కొత్తది కొంటారు.

6. పంపు ఎంపిక

పంపు ట్యాంక్ లోపల ఉంటేనే మంచిది. పెట్రోల్‌లో మునిగి చల్లగా ఉంటుంది, చప్పుడు రాదు. బయట పెట్టక తప్పకపోతే ట్యాంక్ అడుగుకంటే కిందగా, వీలైనంత దగ్గరగా పెట్టండి. ఇలాంటి పంపులు నెట్టడంలో గట్టివి, పీల్చడంలో బలహీనం. బానెట్ కింద బిగించి పది అడుగుల దూరం నుంచి పీల్చమంటే ఎండాకాలంలో పైపులోనే పెట్రోల్ ఆవిరై పంపు ఒట్టిగా తిరుగుతుంది. పీల్చే వైపు పైపు 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

పంపుకు ముందు 100 మైక్రాన్ల జల్లెడ, తర్వాత 10 మైక్రాన్ల ఎంపీఎఫ్ఐ ఫిల్టర్. కార్బ్ బండ్లకు వేసే పారదర్శకపు ప్లాస్టిక్ ఫిల్టర్‌ను 3 బార్ లైన్‌లో వేస్తే పగులుతుంది. అది ఉండేది బానెట్ కింద, ఎగ్జాస్ట్ పక్కన.

7. రిటర్న్ పైపు: నేను దెబ్బతిన్నది ఇక్కడే

మొదటిసారి నేను లెక్కా గిక్కా లేకుండా గంటకు 255 లీటర్ల పంపు తెచ్చాను. "పెద్దది వేస్తే మంచిదే కదా" అనుకున్నాను. మా మేస్త్రి మదనపల్లె మనిషి, విల్సన్ గార్డెన్‌లో చిన్న షెడ్డు. పంపు చూసి, "ఏం సార్, లారీకా ఇది?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

బండి స్టార్ట్ అయింది. ఐడిల్‌లో పెట్రోల్ వాసన, ప్లగ్గులు మసిబొగ్గు. ఆక్సిజన్ సెన్సర్ మార్చాను. ఇంజెక్టర్లు కడిగించాను. ప్లగ్గులు రెండు సెట్లు అయిపోయాయి. మూడు వారాల తర్వాత మేస్త్రి రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం) దగ్గర టీ ముక్క వేసి ప్రెషర్ గేజ్ కట్టాడు. ముల్లు 4 బార్ దాటి నిలబడింది. రెగ్యులేటర్ పోయిందన్నాను. ఆయన మాట్లాడకుండా రిటర్న్ హోస్ ఊడదీసి దాని చివర డబ్బాలో పెట్టి పంపు ఆన్ చేశాడు. ముల్లు మెల్లగా దిగి 3 దగ్గర ఆగింది. "రెగ్యులేటర్ బాగానే ఉంది సార్. మీరు పోసేదంతా ఆ సన్న పైపులోంచి వెనక్కి పోవద్దా?"

అంతే విషయం. ఐడిల్‌లో ఇంజిన్ తాగేది గంటకు లీటరు కూడా ఉండదు. మిగిలినదంతా రిటర్న్‌లోంచి వెనక్కి పోవాలి. పాత రిటర్న్ పైపు బయటి కొలత 6 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం అంతకంటే సన్నం. 250 లీటర్లు అందులో దూరవు. అక్కడ ఆగిన ప్రెషర్ రైల్‌లో పెరుగుతుంది, ప్రతి ఇంజెక్టర్ ఎక్కువ పోస్తుంది.

పెద్ద పంపుతో ఇంకో నష్టమూ ఉంది. అదే పెట్రోల్ ఇంజిన్ గది చుట్టూ తిరిగి తిరిగి వేడెక్కుతుంది. ట్యాంక్‌లో పావు వంతే ఉంటే అరగంటలో ట్యాంక్ మొత్తం గోరువెచ్చగా అవుతుంది.

మీరు చేయాల్సింది:

- పంపు లెక్కకు తగినంతే తీసుకోండి. 85 బీహెచ్‌పీకి 3 బార్ దగ్గర 60 నుంచి 80 లీటర్లు ఇచ్చే మామూలు ఎంపీఎఫ్ఐ పంపు బ్రహ్మాండంగా చాలు.
- రిటర్న్ చివర ట్యాంక్ లోపల పంపుకు దూరంగా పడాలి. పంపు నోటి పక్కనే పడితే నురగ పీలుస్తుంది.
- రిటర్న్‌లో నొక్కుడు, మడత, చిన్న ఫిల్టర్ ఏదీ ఉండకూడదు.
- పెద్ద పంపు ఇప్పటికే కొనేసి ఉంటే రిటర్న్‌ను 8 మిల్లీమీటర్లకు మార్చి, గేజ్ కట్టి చూడండి.

8. పైపులు, హోస్‌లు, క్లిప్పులు

బండి కింద పొడవు పరుగంతా లోహపు పైపు, రెండు చివర్ల కదలిక ఉన్నచోట మాత్రమే రబ్బరు హోస్. ట్యాంక్ నుంచి బానెట్ దాకా రబ్బరు హోస్ లాగేసిన బండ్లు చూశాను. రాయి తగిలితే సంగతేమిటో వాళ్లు ఆలోచించినట్టు లేదు.

జేసీ రోడ్డులో హోస్ కొనేటప్పుడు "ఎంపీఎఫ్ఐ హోస్" అని అడిగితే చాలదు, దాని మీది అచ్చు చదవండి. ఎస్ఏఈ జే30 ఆర్9 అని ఉండాలి. ఆర్7 కార్బ్‌కు సరిపోయే రకం. అచ్చే లేని నల్ల హోస్ ఎంత మెత్తగా ఉన్నా వద్దు. ఆర్9కు లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉంటుంది, ఇథనాల్‌ను తట్టుకునేది అదే. ధర ఎక్కువే. మీకు కావాల్సింది మీటరో రెండు మీటర్లో.

క్లిప్పుల్లో పట్టీ మీద చిల్లులున్న మామూలు రకం హోస్‌ను కోస్తుంది. నున్నటి పట్టీ, బోల్టుతో బిగించే ఎంపీఎఫ్ఐ క్లిప్ వాడండి. లోహపు పైపు చివర ఉబ్బు చుట్టు లేకపోతే, ఎంత బిగించినా 3 బార్‌కు హోస్ జారుతుంది. పైపు కోసినచోట ఫ్లేరింగ్ టూల్‌తో ఆ ఉబ్బు తీయించండి.

లైన్ పాత దారిలోనే, సైలెన్సర్‌కు అవతలి వైపు నుంచి వెళ్లాలి. ప్రతి అడుగుకూ ఒక రబ్బరు పూత క్లిప్. రేకులోంచి దూరేచోట గ్రోమెట్ (రబ్బరు రింగు). బ్రేక్ పైపును రాసుకోకూడదు. కారు లోపలి నుంచి లైన్ తీసుకెళ్లడం సులువే, కానీ చిన్న లీకైనా మీ సీటు కిందే. పెద్ద ఇంజిన్ మౌంట్ల మీద ఎక్కువ ఊగుతుంది, చివరి హోస్‌కు రెండు అంగుళాల వదులు ఉంచండి.

9. కరెంటు

పాత బండి వైరింగ్‌లోంచి పంపుకు కరెంటు తీయొద్దు. ఇగ్నిషన్ స్విచ్ నుంచి తిరిగి తిరిగి వచ్చే సన్న వైరులో వోల్ట్, రెండు వోల్టులు మాయమవుతాయి. ఆ మేరకు పంపు వేగం తగ్గుతుంది. తొక్కినప్పుడే పెట్రోల్ చాలక ఆకలి వేసే బండ్లలో మంచి పంపు, చెత్త వైరు ఉన్నవే ఎక్కువ.

- బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజ్
- పంపు రిలేను (కరెంటు కలిపే స్విచ్‌ను) ఆన్ చేసే తీగ ఈసీయూ నుంచే రావాలి
- పంపు ఎర్త్‌కు కూడా అంతే మందం వైరు, పెయింట్ గీకిన రేకు మీద
- ఢీకొన్నప్పుడు పంపు ఆపే ఇనర్షియా స్విచ్

ఈసీయూ రిలేను ఎందుకు నడపాలంటే, కీ తిప్పగానే అది పంపును రెండు మూడు సెకన్లు తిప్పి ఆపుతుంది. ఇంజిన్ తిరుగుతున్న సిగ్నల్ వస్తేనే మళ్లీ ఆన్ చేస్తుంది. కీతో నేరుగా కలిపేస్తే ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగినా, పైపు తెగినా, పంపు 3 బార్‌తో పోస్తూనే ఉంటుంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, పంపు దగ్గర వోల్టేజ్ కొలవండి. తేడా అర వోల్ట్ దాటితే వైరో ఎర్తో బాగోలేదు.

10. గాలి దారి

ట్యాంక్‌లోంచి పెట్రోల్ పోయినంత గాలి లోపలికి రావాలి. ట్యాంక్ మార్చినప్పుడు వెంట్ పైపును "ఇదెందుకులే" అని బోల్టు పెట్టి మూసేస్తారు. అరగంట తర్వాత పంపు ఏడుపు మొదలుపెడుతుంది. మూత తెరవగానే భుస్సుమంటుంది. చార్‌కోల్ క్యానిస్టర్ (ఆవిరిని పట్టే డబ్బా), పర్జ్ వాల్వ్ (ఆ ఆవిరిని ఇంజిన్‌కు వదిలేది), బండి బోల్తాపడితే మూసుకునే వాల్వ్, మూడూ ఉంచండి. వెంట్ పైపును ఊరికే కిందికి వదిలేస్తే డిక్కీలో ఎప్పుడూ వాసనే.

11. మలుపుల్లో ఆకలి

పంపు సరిచేశాక ఇరుంగాట్టుకోట్టై తీసుకెళ్లాను. మూడు రౌండ్లు అద్భుతం. ట్యాంక్ పావుకు దిగాక, పొడవాటి మలుపు దాటి బయటికి వస్తూ తొక్కితే అర సెకను ఖాళీ, తర్వాత ఒక కుదుపు. పెట్రోల్ ఒక పక్కకు ఒరిగి పంపు నోరు గాలిలో తేలింది.

అడ్డగోడలున్న ఎంపీఎఫ్ఐ ట్యాంక్ వేస్తే రోడ్డు బండికి ఈ బాధ దాదాపు ఉండదు. కార్బ్ ట్యాంక్ ఉంచుకుంటే సర్జ్ ట్యాంక్ వేయాలి. వరుస ఇది: ట్యాంక్ నుంచి తక్కువ ప్రెషర్ పంపు చిన్న డబ్బాను నింపుతుంది. డబ్బా అడుగు నుంచి ఎక్కువ ప్రెషర్ పంపు రైల్‌కు పంపుతుంది. రైల్ రిటర్న్ మళ్లీ డబ్బాలోకే వస్తుంది. డబ్బా పైనుంచి పొంగినది ట్యాంక్‌లోకి పోతుంది.

రెండు, మూడు లీటర్ల డబ్బాలు అమ్ముతారు, మనకు అంత అక్కర్లేదు. గంటకు 28.5 లీటర్లు తాగే ఇంజిన్‌కు ఒక లీటరు రెండు నిమిషాలకు పైగా వస్తుంది. అంత పొడవు మలుపు ఏ ట్రాక్‌లోనూ లేదు. మొదటి పంపు గంటకు 37 లీటర్లకు తగ్గకుండా చూసుకోండి. డబ్బాను ప్రయాణికుల వైపు పెట్టొద్దు, మధ్యలో రేకు గోడ ఉండాలి.

12. స్టార్ట్ చేసే ముందు పరీక్షలు, ఇదే వరుసలో

ఒకటి, లీకు. కీ ఆన్ చేసి, పంపు ఆగాక ఆఫ్ చేయండి. ఇలా ఐదారుసార్లు. ప్రతి జాయింటు చుట్టూ టిష్యూ పేపరు తిప్పండి. కంటికి కనిపించని తడి పేపరు మీద మచ్చలా కనిపిస్తుంది.

రెండు, ప్రెషర్ నిలవడం. పంపు ఆగాక గేజ్ చూస్తూ ఐదు నిమిషాలు ఆగండి. 2 బార్ పైన నిలిస్తే సరే. జారిపోతుంటే రిటర్న్ హోస్‌ను క్షణం నొక్కిపట్టి చూడండి. జారడం ఆగితే రెగ్యులేటర్. ఆగకపోతే పంపు చెక్ వాల్వ్ (పెట్రోల్ వెనక్కి జారకుండా ఆపేది), లేదా కారుతున్న ఇంజెక్టర్. రిటర్న్ నొక్కినప్పుడు పంపు తిరుగుతూ ఉండకూడదు.

మూడు, ఎంత పోస్తోంది. రిటర్న్ చివర కొలత గుర్తులున్న లోహపు పాత్రలో పెట్టి, రిలే షార్ట్ చేసి 30 సెకన్లు పంపు తిప్పండి. రెగ్యులేటర్ దాటి వచ్చింది కాబట్టి ఇది పనిచేసే ప్రెషర్ దగ్గరి అసలు కొలత. మన లెక్క గంటకు 37 లీటర్లు, అంటే 30 సెకన్లకు 308 మిల్లీలీటర్లు. అంతకు తక్కువైతే బండి బయటికి తీయొద్దు.

నాలుగు, ఐడిల్. వ్యాక్యూమ్‌తో నడిచే రెగ్యులేటర్ అయితే దాని సన్న హోస్ ఊడదీయగానే ప్రెషర్ దాదాపు అర బార్ పెరగాలి. ఆ హోస్‌లో పెట్రోల్ తడి ఉంటే రెగ్యులేటర్ లోపలి పొర చిరిగింది, మార్చేయండి.

ఐదు, లోడ్ మీద. గేజ్‌ను పొడవు హోస్‌తో అద్దం బయట టేపుతో అంటించి, పక్కన ఒకర్ని కూర్చోబెట్టండి. పూర్తిగా తొక్కినప్పుడు ముల్లు ఐడిల్‌లోకంటే పైకి వెళ్లి 3 దగ్గర నిలవాలి. తొక్కేకొద్దీ కిందికి జారితే పంపు, ఫిల్టర్, వైరు, ఈ మూడింటిలో ఒకటి. గేజ్‌ను కారు లోపలికి తీసుకురావొద్దు, అందులో ఉండేది పెట్రోలే.

వైడ్‌బ్యాండ్ సెన్సర్ (మిశ్రమాన్ని కచ్చితంగా కొలిచే ఆక్సిజన్ సెన్సర్) ఉంటే పూర్తి తొక్కుడులో లాంబ్డా (1 అంటే సరిగ్గా సరిపోయే మిశ్రమం, తగ్గితే పెట్రోల్ ఎక్కువ) 0.85 నుంచి 0.88 మధ్య ఉండాలి. ఈ20తో నడిపేవాళ్లు గాలి-పెట్రోల్ నిష్పత్తి అంకె కాకుండా లాంబ్డానే చూడండి. మీటరు పాత పెట్రోల్ లెక్కలో చూపించి తికమక పెడుతుంది.

13. ఏం జరిగితే ఎక్కడ చూడాలి

- ఉదయం ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాలి, తర్వాత బాగుంటుంది: చెక్ వాల్వ్. కీ రెండుసార్లు ఆన్ ఆఫ్ చేసి కొడితే వెంటనే అందుకుంటే ఖాయంగా అదే.
- ట్రాఫిక్‌లో ఆగి, పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాదు: వేడికి లైన్‌లో ఆవిరి. కార్బ్ ఇంజిన్లలో ఎక్కువ. పంపు, ఎగ్జాస్ట్ మధ్య రేకు పెట్టండి. రిటర్న్ మూసేసి ఉందేమో చూడండి.
- తొక్కితే పికప్ పోతుంది, ఐడిల్ బాగుంటుంది: ముందు వోల్టేజ్, తర్వాత ఫిల్టర్, ఆ తర్వాతే పంపు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.
- ట్యాంక్ నిండుగా ఉన్నా మీటరు సగమే చూపిస్తుంది: వేరే మోడల్ ట్యాంక్ ఫ్లోట్ (పెట్రోల్ మట్టం కొలిచే తేలుడు బుడ్డి) వేసినప్పుడు రెసిస్టెన్స్ కలవదు. పాత ఫ్లోట్‌ను కొత్త ప్లేటుకు మార్చుకోవచ్చు. అప్పటిదాకా మీటరును నమ్మి నడపొద్దు.

14. మొదటి 500 కిలోమీటర్లు

కొత్త హోస్ వేడికి నలిగి కూర్చుంటుంది. 50 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్రతి క్లిప్‌నూ స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూడండి. పావు చుట్టు తిరుగుతుంది, అంతకంటే బలవంతం వద్దు. టిష్యూ పరీక్ష మళ్లీ చేయండి.

500 దగ్గర 10 మైక్రాన్ల ఫిల్టర్ విప్పి, లోపలికి వచ్చే వైపు నుంచి తెల్ల గుడ్డ మీద ఒలకబోయండి. బంగారు రంగు పెట్రోల్ తప్ప ఏమీ లేకపోతే కొత్త ఫిల్టర్ వేసి మరో 10,000 దాకా వదిలేయొచ్చు. నా గుడ్డ మీద మొదటిసారి టీపొడే పడింది. ట్యాంక్ మళ్లీ దించాను.